రెండు తోపులు, ఒక తట్టు: మద్దువలస నీళ్లలో కొర్రమీను కోసం ఒక రోజు

గాలంతో చేపలు పట్టడం నాకు పదకొండేళ్లుగా అలవాటు. పట్టిన చేపను కొలిచి, ఫొటో తీసుకుని, తిరిగి నీళ్లలో వదిలేస్తాను. ఈ సరదా ఉన్నవాళ్లు తీరిక వేళల్లో విదేశీ బ్లాగులు చదువుతూ ఉంటారు. అక్కడి సరస్సుల మీద బాస్, వాల్‌ఐ అనే చేపల కోసం గైడ్లు సొంత పడవల్లో అతిథులను తీసుకువెళ్తారు. పడవ, గైడు, మధ్యాహ్న భోజనం అన్నీ కలిపి ఒకే ధర. అవి చదివినప్పుడల్లా నాకు మన నీళ్లే గుర్తుకొచ్చేవి. నాచులో పొంచి ఉండి దగ్గరకొచ్చినదాని మీద విరుచుకుపడే బాస్‌కు మన కొర్రమీను ఏమాత్రం తీసిపోదు. వెలుతురు తగ్గాక లోతుల్లోంచి వేటకు బయలుదేరే వాల్‌ఐ అలవాట్లు చాలావరకు మన వాలుగలో కనిపిస్తాయి. చేపలూ ఉన్నాయి, పడవలూ ఉన్నాయి, నీళ్లను ఇంటి వాకిలిలా ఎరిగిన మనుషులూ ఉన్నారు. అతిథిని పడవ ఎక్కించుకునే ఏర్పాటు ఒక్కటే ఎక్కడా కనిపించలేదు.

జనవరిలో, ఇదే సరదా ఉన్న ఒక మిత్రుడు ఫోన్ చేసి, మద్దువలస జలాశయం వెనక ఉన్న ఒక పల్లెలో సింహాచలం అనే యువకుడు ఇలాంటి ఏర్పాటు మొదలుపెట్టాడని చెప్పాడు. తాను వెళ్లి, రోజంతా గాలం విసిరి, ఒక్క చేప కూడా లేకుండా తిరిగి వచ్చాడట. "అయినా నువ్వు వెళ్లు. ఆ మనిషికి నీళ్లు తెలుసు. చేపలెందుకు పడలేదో నాకే అర్థం కాలేదు" అన్నాడు. వేసవి ముదరకముందే, ఫిబ్రవరి చివరి వారంలో ఒక శనివారం నేను బయలుదేరాను. నా వృత్తి వినికిడి పరీక్షలు చేయడం. ఈ ప్రయాణంలో దానికి పని పడుతుందని ఆ రోజు అనుకోలేదు.

విశాఖపట్నం నుంచి ఉదయం రైలులో విజయనగరం, అక్కడి ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి చీపురుపల్లి మీదుగా రాజాం వెళ్లే బస్సు. బస్సు ప్రయాణం సుమారు రెండు గంటలు, టికెట్టు వంద రూపాయలలోపే. అరసవల్లి, శ్రీకూర్మం చూసుకుని రావాలనుకునేవాళ్లు శ్రీకాకుళంలో దిగితే, అక్కడి నుంచి కూడా రాజాంకు నేరుగా బస్సులున్నాయి. రాజాంలో బస్టాండుకు దగ్గరగా ఎనిమిది వందలకు శుభ్రమైన గది దొరికింది. రాత్రి ఎనిమిదికే పడుకున్నాను. కొర్రమీనుకు, వాలుగకు తెల్లవారుజాము ముఖ్యం కాబట్టి రాజాంలో బస చేయక తప్పదు. విశాఖ నుంచి ఒకేరోజులో వెళ్లి రావాలనుకుంటే మంచి వేళ బస్సులోనే గడిచిపోతుంది.

సింహాచలం మాట్లాడి పెట్టిన ఆటో నాలుగూ నలభై అయిదుకు లాడ్జి ముందుకు వచ్చింది. నాలుగు వందల రూపాయలు, మళ్లీ సాయంత్రం తీసుకురావడానికి మరో నాలుగు వందలు. నడివయసు డ్రైవరు నా చేతిలోని రాడ్ల సంచిని ఎగాదిగా చూశాడు.

"అంత పొడుగు కర్రలేటమ్మా? సర్వే ఆఫీసా?"

"కాదండీ. చేపలకి."

"సేపలకా? మరి వలేదీ?"

"వల లేదు, గాలమే. పట్టి మళ్లీ వదిలేస్తాం."

ఆయన ఆటో స్టార్టు చేయబోయి ఆగాడు. "ఓలమ్మ! పట్టీసి ఒగ్గీడానికి ఇశాపట్నం నుంచి వొచ్చినారా? ఆ డబ్బులేవో నాకిచ్చీసుంటే, నాను పట్టకుండానే ఒగ్గీసేవోణ్ణి కదమ్మా."

దారి పొడవునా, ఆటో లైటు పడ్డ మేర, కోత అయిపోయిన వరిమళ్లలో మినుము, పెసర. మంచు పల్చగా ఉంది. మధ్యలో ఒకచోట, మొన్నటిదాకా శ్రీకాకుళంలో ఉన్న ఈ ప్రాంతం ఇప్పుడు విజయనగరం జిల్లాయేనా అని అడిగాను. "కాగితంలో ఇజీనారం, నోట్లో ఇంకా సిక్కోలే" అన్నాడాయన. ఆ మాట ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో, చాలా నున్నగా వచ్చింది.

అయిదున్నరకు పల్లె చేరాం. సువర్ణముఖి, వేగవతి నీళ్లు నిలిచే జలాశయానికి వెనకవైపు, గట్టు మీద ముప్పై ఇళ్లుంటాయేమో. సింహాచలం ఒడ్డున పడవలోకి సామాను సర్దుతున్నాడు. ముప్పై ఏళ్ల మనిషి, మాట తక్కువ. అతని భార్య నీలవేణి ఇంటి ముందు పొయ్యి మీద టీ కాస్తోంది. ఆవిడ ఆ లోటును సంతోషంగా పూడుస్తుంది. గ్లాసు చేతికిస్తూనే విషయానికి వచ్చేసింది.

"ఆయన సెప్పడుగానీ నాను సెప్తాను మేడమ్. అదిగో, ఆ గెడ్డ వొచ్చి కలిసే మూల సూసినారా? గాలాలోళ్ల కోసమని మూడు నెల్లు అక్కడ వలెయ్యకుండా సంఘం ఒగ్గీసింది. పట్టిన సేపని ఒగ్గీయాలి, మూడు ట్రిప్పులు సూద్దామన్నారు. ఇద్దరొచ్చినారు, ఉత్త సేతుల్తో ఎల్లిపోయినారు. మూడో మనిషి మీరే. ఇయ్యాళ కూడా సేప పడకపోతే సోమారం మీటింగులో మూల మళ్లీ వలలకి ఇచ్చీస్తారు. మంగళారం ఈయన ఐద్రాబాదు ఎల్లిపోతాడు, సెంట్రింగ్ పనికి. మేస్త్రీతో మాటైపోయినాది. సంచీ కూడా సదిరీసినాను. ఆ సిలక్కొయ్యకి ఏలాడతన్నాది, సూడండి."

చూశాను. నీలం రంగు సంచి, జిప్పు వేసి ఉంది.

"మేడమ్‌ని టీ తాగనియ్యవే" అన్నాడు సింహాచలం పడవలోంచి.

ఇంతలో గట్టు దిగి ఒక పెద్దాయన వచ్చారు. పేరు అప్పన్న. నీలవేణి తండ్రి, సింహాచలానికి మేనమామ కూడా. మత్స్యకార సంఘానికి ఆయనే పెద్ద. పడవ ఆయనది, అందుకని మూడు ట్రిప్పులకూ వెదురుకర్ర ఆయన చేతిలోనే ఉంది. సోమవారం సమావేశంలో ఆయన మాటే ఖాయమవుతుంది. అంటే, ఆ రోజు నన్ను నీళ్ల మీదికి తీసుకువెళ్తున్న మనిషే తీర్పు చెప్పేవాడు కూడా.

ఛార్జీ మనిషికి పద్దెనిమిది వందలు. ఉదయం టీ, పది గంటలకు భోజనం, సాయంత్రం దాకా పడవ అందులోనే. లైఫ్ జాకెట్లున్నాయా అని అడిగితే సింహాచలం మూడు కొత్తవి తీశాడు. ఒకటి నాకు కట్టి, ఒకటి తను కట్టుకుని, మూడోది అప్పన్నగారికి అందించాడు. ఆయన దాన్ని మడిచి కింద వేసుకుని కూర్చున్నారు.

"మెత్తగున్నాదిరా" అన్నారు.

ఆరింటికి గెడ్డ మూల, అంటే వాగు వచ్చి జలాశయంలో కలిసే చోటు, చేరాం. ఒకవైపు గుర్రపుడెక్క పరుచుకున్న తక్కువ లోతు, ఇంకోవైపు పాత గెడ్డ ప్రవాహపు లోతైన చాలు. మధ్యలో మునిగిన తుమ్మ మోళ్లు. కొర్రమీనుకు, వాలుగకు రెండింటికీ సరిపోయే చోటు. సింహాచలం చేప ఉండే ప్రతి మడుగునూ వేలుతో చూపిస్తూ లోతు ఎన్ని మూరలో, అడుగున ఇసుకో బురదో చెప్పాడు. నేను రబ్బరు కప్ప ఎర కట్టాను. నా గాలాలకు మొన దగ్గరి వెనకముల్లు నొక్కేసి ఉంటుంది. చేప నోటిలోంచి సులువుగా వచ్చేయడానికి అలా చేస్తాం. అప్పన్నగారు ఆ కప్పను అడిగి తీసుకుని తిరగేసి చూశారు.

"ఈ బొమ్మని సేప తింటాదేటమ్మా?"

"ఆకలేస్తే తింటుంది. కోపమొచ్చినా తింటుంది."

"మా నీలవేణిలాగన్నమాట."

మూడు గంటలు విసిరాను. నాచు అంచుల మీద, మోళ్ల పక్కన, చాలు పొడవునా. ఎక్కడా తాకిడి లేదు. చేపలు లేకపోతే వేరే మాట, కానీ ఉన్నాయి. మేము ఒక మడుగును సమీపించే ముందే నీటి మీద బాణం మొనలాంటి అల ఒకటి దూరంగా జారిపోయేది. మేము చేరేసరికి అడుగున బురద అప్పుడే లేచి మబ్బులా తేలుతూ ఉండేది. నిమిషం క్రితం దాకా చేప అక్కడే ఉందన్నమాట. ఎండ మా వెనక లేదు, నీడ నీళ్ల మీద పడటం లేదు, ఎవరం పెద్దగా మాట్లాడటం లేదు. వాటికి కబురు ఎవరు చేరవేస్తున్నారు?

ఎనిమిదిన్నర ప్రాంతంలో ఒక చప్పుడు నా చెవిన పడింది. నిజానికి పొద్దున్నుంచీ పడుతూనే ఉంది, గోడ గడియారంలా. అప్పన్నగారు కర్రతో రెండుసార్లు అడుగును తోస్తారు. మూడోసారి కర్ర పైకి వచ్చినప్పుడు దాని నడుముతో పడవ అంచు మీద ఒక్క దెబ్బ, టక్. మళ్లీ రెండు తోపులు, ఒక తట్టు. లెక్కపెట్టాను. ముప్పై తట్ల వరకు ఒక్కసారి కూడా తప్పలేదు. ఆయన చూపు మాత్రం దూరంగా కొంగల మీద ఉంది. తాను తడుతున్న సంగతి ఆయనకు తెలియదు.

ఆ తట్టు వెనక ఒక పనితనం ఉంది. ఇక్కడివాళ్లు వలను అర్ధచంద్రంలా కట్టి, తెరిచి ఉన్న వైపు నుంచి పడవ నడుపుతూ అంచు మీద కర్రతో కొడతారు. చప్పుడుకు బెదిరిన చేప ఎదురుగా పరుగెత్తి వలలో పడుతుంది. నలభై ఏళ్లు ఆ పని చేసిన చేయి వల లేని రోజున కూడా దాన్ని మానలేదు. వలకు అన్నం పెట్టిన తట్టే గాలానికి అన్నం లేకుండా చేస్తోంది.

పది గంటలకు ఒడ్డున జీడితోటలో ఆగాం. నీలవేణి గంపలో చోడి అంబలి (ఇక్కడ రాగులను చోళ్లంటారు), ఉల్లిపాయలు, వేడి అన్నం, ఎండుచేపలు వేసిన వంకాయ కూర తెచ్చింది. కూరలో కారం గట్టిగా ఉంటుంది. తక్కువ కావాలంటే ముందురోజే చెప్పండి, చెప్తే తగ్గిస్తారు. అప్పన్నగారు తిని, తువ్వాలు మొహాన కప్పుకుని కొంచెం దూరంలో ఒక చెట్టు కింద పడుకున్నారు. గురక మొదలయ్యాక సింహాచలం నా వైపు చూడకుండానే అడిగాడు.

"మీకూ ఇనిపించినాదా మేడమ్?"

"వినిపించింది."

"మొదటి ట్రిప్పులోనే నాకు తెలిసిపోయినాది."

"మరి చెప్పలేదా?"

"ఎలగ సెప్తానండి? ఈత నేర్పినాడు, వల అల్లడం నేర్పినాడు, పిల్లనిచ్చినాడు. ఆయన పడవలో కూసోని, 'మావా, నీ వల్లే సేప పడ్నేదు' అని ఆయనకే సెప్పీనా? సాకు సెప్తన్నాననుకుంటాడు."

"నువ్వు సెప్పకపోతే నాను సెప్తాను" అంది నీలవేణి. "ఇప్పుడే లేపీసి సెప్తాను."

"ఒసే, నీకు దండమే. సోమారం దాకా నోరు ముయ్యి."

"ముయ్యను. పడవలోనేటి, ఇంట్లో కూసున్నా మా అయ్య మంచం కోడు మీద తడతానే ఉంటాడు మేడమ్. మా యమ్మ బతికున్నప్పుడు రోజూ తిట్టీది. తిట్టినంతసేపూ ఆపి, తిట్లు అయిపోగానే మళ్లీ టక్కు."

సింహాచలం నవ్వలేదు. అంబలి గిన్నె నీళ్లతో తొలుస్తూ, "ఈ మూల నాకు సిన్నప్పట్నుంచి తెలుసండి. ఏ సేప ఎక్కడ పడుకుంటాదో కళ్లు మూసుకుని సెప్తాను. ఐద్రాబాదులో నాకేటి తెలుసు?" అన్నాడు.

వినికిడి పరీక్షకు నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది, తమకు వినికిడి తగ్గిందని ఎవరు చెప్పినా ఒప్పుకోరు. భార్య చెప్పినా, పిల్లలు చెప్పినా, నేను కాగితం మీద గీత గీసి చూపించినా కోపం తెచ్చుకుంటారు. హెడ్‌ఫోన్లు పెట్టి వాళ్లంతట వాళ్లు తేడా గమనించేలా చేస్తే మాత్రం నిశ్శబ్దంగా తల ఊపుతారు. అప్పన్నగారి చెవులు బాగానే ఉన్నాయి, అది పొద్దున్నే గమనించాను. ఆయనకు కావలసినది, చేప ఉన్నచోటు నుంచి ఒకసారి వినడం.

ఎండ తగ్గాక, మూడుంపావుకు పడవ ఎక్కాం. నీలవేణి ఒడ్డున గిన్నెలు తోముతోంది. పడవ పది గజాలు కదిలాక నేను అప్పన్నగారిని అడిగాను.

"వల వేసినప్పుడు మీరు పడవ తడతారట కదండీ. ఆ చప్పుడు నీళ్లలో చేపకు ఎలా ఉంటుందో వినాలని ఉంది. మీ కర్ర ఒకసారి ఇస్తారా?"

ఆయన మొహం వెలిగింది. తన పని గురించి అతిథి అడగడం ఆయనకు నచ్చింది. కర్ర అందించారు. ఒక చివర నీళ్లలో ముంచి, రెండో చివర చెవికి ఆనించుకున్నాను. ఆయన తెడ్డుతో అంచు మీద తట్టారు. నాకు తెలిసిన విషయమే అయినా ఉలిక్కిపడ్డాను. గాలిలో చిన్న టక్కు. కర్రలోంచి వచ్చినది మాత్రం తలుపు మీద సుత్తి దెబ్బ.

"మీరూ వినండి" అని కర్ర ఇచ్చాను.

"నాకు తెలీనిదేటమ్మా?" అంటూనే ఆయన చెవి ఆనించారు. సింహాచలం తెడ్డు తీసుకుని ఆయన లయలోనే కొట్టాడు. రెండు నిశ్శబ్దాలు, ఒక తట్టు.

అప్పన్నగారు చటుక్కున తల వెనక్కి తీశారు. "ఓర్నాయనో! సెవి పగిలిపోయినాది."

మళ్లీ పెట్టుకున్నారు. "ఇంకోపాలి కొట్టరా. మెల్లగా." సింహాచలం మెల్లగా కొట్టాడు. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. మూడోసారి, నాలుగోసారి. తర్వాత కర్రను ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, పడవ అంచు వైపు చూశారు. అక్కడ కర్ర తగిలి తగిలి కొయ్య నున్నగా, గిన్నెలా లోపలికి అరిగిపోయి ఉంది. ఆయన ఆ గుంటలో బొటనవేలు పెట్టారు.

"పొద్దున్నించీ నాను తడతానే ఉన్నానేటి?"

జవాబు ఒడ్డు నుంచి వచ్చింది.

"పొద్దున్నించేటయ్యా! నాను పుట్టకముందు నుంచీ తడతన్నావు!"

ఆయన కూతురి వైపు చూడలేదు. అల్లుడి వైపు చూశారు.

"ఒరే, నీకు తెలుసేటి?"

"తెలుసు మావా."

"ఎప్పట్నుంచి?"

"మొదటి ట్రిప్పు నుంచి."

"సిగ్గునేని ఎదవ. నా మొకం సూసి రెండు ట్రిప్పులు పోగొట్టుకున్నావేట్రా? ఐద్రాబాదు పోడానికి సిద్దపడ్డావుగానీ, ఒక్క మాట సెప్పడానికి నోరు రానేదా?"

అప్పన్నగారు తలకు చుట్టిన తువ్వాలు విప్పి, నాలుగు మడతలు పెట్టి, ఆ అరిగిన గుంట మీద వేసి తాడుతో బిగించి కట్టారు. కర్ర నీళ్లలో దించారు. రెండు తోపులు. మూడోసారి చేయి తన అలవాటు మానలేదు, కానీ ఈసారి మెత్తటి గుడ్డ మీద పడి కర్ర చప్పుడు లేకుండా ఆగిపోయింది.

మూల మడుగులో పడవ ఆపి పదిహేను నిమిషాలు ఊరికే కూర్చున్నాం. విసరవద్దని నేనే అన్నాను, చేపలు తిరిగి సర్దుకోవాలి. ఆ పల్లెటూరి నీళ్లలో అంత నిశ్శబ్దంగా ఒక పడవ ఎప్పుడైనా నిలిచిందో లేదో. కాసేపటికి ఎడమవైపు గుర్రపుడెక్క కింద ఎక్కడో, 'గుబుక్' అని చిన్న చప్పుడు. కొర్రమీను గాలి కోసం పైకి వచ్చి ఒక గుటక వేసి వెళ్లింది. నేను ఎటువైపో పోల్చుకోలేకపోయాను. సింహాచలం కూడా రెండువైపులా చూస్తున్నాడు. అప్పన్నగారు గడ్డం ఎత్తి, నాచులో విస్తరాకంత ఖాళీ చోటును చూపించారు.

విసిరాను. కప్ప ఆ ఖాళీకి అవతల పడింది. మెల్లగా లాగుతుంటే నాచు ఒక్కసారి పగిలింది, నీళ్లు లేచాయి, నేను వెంటనే రాడ్డు ఎత్తేశాను. కప్ప ఒంటరిగా ఎగిరొచ్చి పడవలో పడింది. పదకొండేళ్ల అనుభవం ఉన్నా ఆ తొందర పోదు. చేప నోరు మూసేంత వ్యవధి ఇవ్వలేదు.

"తొందరేటమ్మా?" అన్నారు అప్పన్నగారు గుసగుసగా. "దాని నోట్లోది లాగీసుకుంటావేటి? మింగనియ్యి."

నాకు నీలం సంచి గుర్తుకొచ్చింది. చేతులు తుడుచుకుని, ముడి మళ్లీ సరిచూసుకున్నాను. మరో ఇరవై నిమిషాలు అలాగే కూర్చున్నాం. ఒకసారి దూరంగా గుటక వినిపించింది, ఆయన తల అడ్డంగా ఊపారు, చిన్నదట. ఇంకోసారి ఏదో వినిపించిందని నేను వేలు చూపిస్తే, "అది తాబేలు" అన్నారు. అయిదుకు పది నిమిషాలుండగా, ఒక తుమ్మ మోడు పక్కన, ముందుకంటే లావుగా వినిపించింది. ఆయన గడ్డం ఎత్తేలోపు అల్లుడి వేలు అటే లేచింది. ఇద్దరూ ఒకే చోటు చూపించారు.

ఈసారి నీళ్లు పగిలాక రాడ్డు కదపలేదు. అప్పన్నగారు పెదాలతోనే ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టారు. మూడుకు ఎత్తాను. బరువు తగిలింది. చేప మోడు వైపు లాగింది, రీలు కూసింది, సింహాచలం తెడ్డు ఒక్క విసురుతో పడవను మోడుకు అడ్డంగా తిప్పాడు. మూడు నిమిషాల తర్వాత నలుపు మీద ఆకుపచ్చ నిగనిగతో ఒక కొర్రమీను చేతివలలోకి వచ్చింది. కొలిస్తే నలభై ఆరు సెంటీమీటర్లు. గాలం పెదవి అంచునే ఉంది, ఒక్క తిప్పుతో వచ్చేసింది.

సింహాచలం ఫొటో తీశాడు. మూడోసారికి గాని చేప స్పష్టంగా రాలేదు.

"కేజీ దాకా ఉంటాది" అన్నారు అప్పన్నగారు. తర్వాత, "ఒగ్గీడమేనా?" అని అడిగారు. ఆ ప్రశ్న ఆయనకు కష్టంగానే వచ్చింది. కొర్రమీను బజారు ధర ఆయనకంటే ఎవరికి బాగా తెలుసు?

"వదిలేస్తామని సంఘంలో మాటిచ్చారు కదండీ" అన్నాను.

"ఇచ్చినాం. ఇది మళ్లీ దొరుకుతాదా?"

"దొరకొచ్చు. ఇంకాస్త పెద్దదై దొరకొచ్చు."

ఆయన రెండు చేతులూ నీళ్లలో తడిపారు. పొడి చేయి తగిలితే చేప ఒంటి మీది జిగురు పోతుందని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వలలోంచి చేపను తీసి, నీళ్లలో పట్టుకుని, అది మొప్పలు రెండుసార్లు ఆడించేదాకా ఆగి చేతులు విప్పారు. ఒక తోక దెబ్బ, ఆయన మొహం నిండా నీళ్లు.

"పొగరున్నాది" అని తుడుచుకున్నారు. అదే చేత్తో అల్లుడి మోకాలి మీద ఒకటి వేశారు. "సోమారం మీటింగులో నాను సెప్తాను. మొదటి రెండు ట్రిప్పులూ నా కర్ర వల్లే పోయినాయని సెప్తాను. నవ్వితే నవ్వుకుంటారు. ముందు ఆ మేస్త్రీకి ఫోన్ సెయ్యి."

"సోమారం కానీ మావా."

"ఇప్పుడే సెయ్యరా. నా ముందే."

సిగ్నలు ఒక గీతే ఉంది. సింహాచలం పడవలో నిలబడి, రాడ్డులా చేయి పైకెత్తి, స్పీకరులో పెట్టి అరుస్తూ చెప్పాడు. అవతల మేస్త్రీ ఏవో తిట్లు తిట్టాడు. అప్పన్నగారు వాటిని ఆసాంతం శ్రద్ధగా విని, "నోరు మంచిది కాదు. ఎల్లకపోవడమే మంచిదయినాది" అన్నారు.

ఒడ్డుకు తిరిగి వస్తుంటే పొద్దు గట్టు వెనక్కి జారుతోంది. నేను వెనక్కి తిరిగి ఆయన కర్రనే చూస్తూ కూర్చున్నాను. రెండు తోపులు. మూడోసారి కర్ర పైకి వచ్చి, గుడ్డ కట్టిన అంచుకు జానెడు దూరంలో గాలిలో ఆగింది. క్షణం అలా ఉండి, మళ్లీ నీళ్లలోకి దిగింది.

ఇది రాసే ముందు బుధవారం సింహాచలం ఫోన్ చేశాడు. వానలు మొదలయ్యేదాకా గెడ్డ మూలలో వల వేయకూడదని సంఘం తీర్మానించింది. నెలకు నలుగురు అతిథులకే అనుమతి. వానల్లో కొర్రమీను పిల్లల్ని కాసుకుంటుంది కాబట్టి అప్పుడు గాలం కూడా వద్దని తనే చెప్పాడట. పల్లె పేరు బయట రాయడానికి సంఘం ఇంకా ఒప్పుకోలేదు, అందుకే రాయలేదు. రాజాం ఆటో స్టాండులో 'గాలం సింహాచలం' అంటే తీసుకువెళ్తారు. నీలం సంచి ఇప్పుడు నీలవేణి దగ్గర ఉందట, అతిథుల భోజనం గిన్నెలు మోయడానికి. నాకు ఆ రోజు గురించి తలచుకున్నప్పుడల్లా చేప కంటే ఆ తువ్వాలే ముందు గుర్తుకొస్తుంది. నలభై ఏళ్ల అలవాటును ఒక మనిషి ఒక మధ్యాహ్నంలో, తన కూతురి ముందు, తన అల్లుడి ముందు, ఒక కొత్త మనిషి ముందు విని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక ఆయన పనితనం తగ్గలేదు. అంతకుముందు చేపలను తరిమిన మనిషే ఆ సాయంత్రం మొదటి గుటక ఎక్కడ వినిపించిందో మా అందరికంటే ముందు పట్టాడు. మన నీళ్ల మీద గైడ్లు లేరని నేను అనుకున్న సంవత్సరాలన్నీ, వాళ్లు అక్కడే ఉన్నారు.

వెళ్లేవాళ్లకు ఒక సూచన. రాడ్లతో పాటు ఒక పాత గోనెసంచి తీసుకువెళ్లండి. కొయ్య పడవలో చెప్పు జారినా, పెట్టె పెట్టినా, కర్ర తగిలినా ఆ చప్పుడు నేరుగా నీళ్లలోకి పోతుంది. పడవ ఎక్కగానే ఆ సంచి అప్పన్నగారి చేతికివ్వండి. దాన్ని ఎక్కడ పరవాలో ఆయనకు తెలుసు.